జేబులో మడత చాకు: రోజువారీ పనులకు ఎలా వాడాలి

ఆఫీసు క్యాంటీన్‌లో జామకాయ కోయడానికి జేబులోంచి చాకు తీసి చూడండి. ఎదురుగా కూర్చున్నాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. ఆయనా మనలాగే కత్తిపీట ఉన్న ఇంట్లో పెరిగినవాడే. ఆవకాయ రోజుల్లో మామిడికాయలు కొట్టే కత్తిని వీధి అరుగు మీదే చూసినవాడే. అయినా మూడంగుళాల మడత చాకు కనిపిస్తే ఉలిక్కిపడతాడు. దీనికి సినిమాలే చాలావరకు కారణం. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో తయారయ్యే రాంపురీ చాకును తెర మీద ప్రతి రౌడీ చేతిలోనూ చూశాం. దాంతో మడతపెట్టే కత్తి అంటేనే గొడవల వస్తువన్న ముద్ర పడిపోయింది. రాంపూర్ వాళ్లు మాత్రం ఆ పేరును దాచుకోలేదు. 2023లో ఊళ్లో ఒక కూడలిలో 20 అడుగుల చాకునే నిలబెట్టుకున్నారు.

అసలు జేబు చాకు పుట్టింది చిన్నాచితకా పనుల కోసం. మన పెద్దలు దాన్ని కలంకత్తి అన్నారు, కలం మొన చెక్కుకునే కత్తి కాబట్టి. జపాన్‌లో ఒకప్పుడు బడిపిల్లలు హిగోనోకామి అనే మడత చాకుతోనే పెన్సిళ్లు చెక్కుకునేవాళ్లు. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల్లో 1890లో జోసెఫ్ ఒపినెల్ తయారుచేసిన చెక్కపిడి చాకు అక్కడి రైతుల జేబుల్లోకి చేరింది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1891లో సైనికులకు చాకులు సరఫరా చేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు విక్టోరినాక్స్ పేరుతో మనం చూసే ఎర్ర చాకుల వంశం అక్కడిది.

నా జేబులో ఇలాంటిది ఒకటి పన్నెండేళ్లుగా ఉంటోంది. ఈ అలవాటు చేసుకుందామనుకునేవాళ్లకు, డ్రాయర్లో ఒకటి పడి ఉన్నా వాడటం తెలియనివాళ్లకు, నేను వేళ్లు కోసుకుని నేర్చుకున్నది చెప్తాను.

ముందు కీలును అర్థం చేసుకోండి

మడత చాకు గురించి తెలియాల్సినదంతా కీలు దగ్గరే ఉంది. పాతకాలపు చాకులు మూడు రకాలు. మొదటి రకంలో స్ప్రింగూ ఉండదు, తాళమూ ఉండదు. కీలు బిగువు మీదే బ్లేడు నిలబడుతుంది. హిగోనోకామి ఇలాంటిదే. బ్లేడు వెనక చిన్న తోకలాంటి రేకు ఉంటుంది, వాడేటప్పుడు దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. రెండో రకంలో పిడి వీపున ఉక్కు స్ప్రింగు ఉంటుంది. తెరిస్తే టక్కుమని నిలబడుతుంది, కానీ తాళం పడదు. మామూలు విక్టోరినాక్స్ జేబు చాకులు ఈ రకం. మూడో రకం ఒపినెల్. పిడి మెడ దగ్గర తిప్పే ఉంగరం ఉంటుంది, తిప్పితే బ్లేడు కదలదు. ఆ ఉంగరం 1955లో వచ్చింది. అంతకుముందు ఒపినెల్ కూడా తాళం లేనిదే.

తాళం లేని చాకుకు ఒక వైపు మాత్రమే బలం. పదును అంచును వస్తువు మీద ఆనించి లాగితే, ఆ ఒత్తిడి బ్లేడును ఇంకా తెరుచుకునే వైపే నెడుతుంది. అక్కడ పిడి అడ్డం ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. అదే మొనతో గుచ్చినా, రంధ్రం చేయబోయినా, పదును అంచుకు ఏ ఆనికా లేనప్పుడు బ్లేడు వీపు మీద నొక్కినా చాకు మడుచుకుని మీ వేళ్ల మీదికే వస్తుంది. ఈ చాకుతో కొయ్యాలి, గుచ్చకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ ఇందులోంచి వచ్చినవే.

తెరవడం, మూయడం

నవ్వకండి, ఎక్కువమంది చెయ్యి కోసుకునేది ఇక్కడే. మొదటి రోజు పదును అంచు పొడవునా మందపాటి టేపు అంటించి ఇరవైసార్లు తెరిచి మూసి సాధన చేయండి.

తెరవడానికి పిడిని ఎడమ చేతిలో రెండు పక్కల నుంచి పట్టుకోండి. బ్లేడు దాక్కునే గాడి మీదికి ఏ వేలూ రాకూడదు. బ్లేడు మీద గోరు పెట్టడానికి చిన్న నొక్కు ఉంటుంది. కుడి బొటనగోరు అందులో ఆనించి, చూపుడువేలుతో బ్లేడు రెండో పక్కను పట్టుకుని నెమ్మదిగా పైకి తిప్పండి. పూర్తిగా తెరుచుకుందని చెవికి వినబడేదాకా వదలొద్దు. గోళ్లు మరీ పొట్టిగా కత్తిరించుకునేవాళ్లకు కొత్తలో ఇది కష్టంగానే ఉంటుంది. చాకు కొత్తదైతే కీలులో ఒక చుక్క నూనె వేసి పదిసార్లు ఆడిస్తే వదులవుతుంది.

మూసేటప్పుడు పిడిని కింద నుంచి పట్టుకోండి. నాలుగు వేళ్లూ పిడి వెనకే ఉండాలి. రెండో చేతి అరచేతిని బ్లేడు వీపు మీద ఆనించి నెట్టండి. కొన్ని చాకులు సగం దారిలో, సరిగ్గా లంబకోణం దగ్గర, ఒకసారి ఆగుతాయి. ఆ ఆగడం మీకోసమే పెట్టారు. అక్కడ వేళ్లు ఎక్కడున్నాయో చూసుకుని మిగతా సగం మూయండి. ఒంటి చేత్తో మూయడం, తొడకు ఆనించి మూయడం లాంటి ఫీట్లు వద్దు.

ఒపినెల్ వాడేవాళ్లకు వానాకాలంలో ఒక ఇబ్బంది ఉంటుంది. చెక్కపిడి తేమకు ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. గోరు విరిగేలా లాగొద్దు. ఉంగరం తాళం తీసే ఉందని చూసుకుని, పిడి వెనక చివరను బల్లకేసి టక్కున కొట్టండి. బ్లేడు కొద్దిగా బయటికి వస్తుంది. ఆ చాకు పుట్టిన సవోయ్ ప్రాంతపు చిట్కా ఇది.

ఏది కొనాలి

పెద్ద ఆలోచన అక్కర్లేదు. బ్లేడు 6 నుంచి 7.5 సెంటీమీటర్ల మధ్య ఉంటే రోజువారీ పనులన్నిటికీ చాలు. చాలామందికి నచ్చే 8వ నంబరు ఒపినెల్ బ్లేడు 8.5 సెంటీమీటర్లు, పండ్లకు హాయిగా ఉంటుంది కానీ జేబుకు కాస్త పెద్దదే. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. సముద్రపు గాలికి కార్బన్ స్టీలు రాత్రికి రాత్రే తుప్పు చుక్కలు కడుతుంది.

కార్బన్ స్టీలంటే ఇష్టపడేవాళ్లు వేరే ఉంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. తొందరగా పదునెక్కుతుంది, రాయి మీద మాట వింటుంది. అదేమీ మనకు పరాయి వస్తువు కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును కొనుక్కోవడానికి ఒకప్పుడు పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు ఊట్జ్ అని రాసుకున్నది మన ఉక్కునే అంటారు. అయితే కార్బన్ చాకుకు సేవ చేయాలి. బద్ధకస్తులకు స్టెయిన్‌లెస్సే మేలు.

పార్సిళ్లు

ఈ రోజుల్లో జేబు చాకుకు ఎక్కువ పని ఇదే. దీని విషయంలో నా ట్రాక్ రికార్డు మంచిది కాదు. కొన్నేళ్ల క్రితం మా వదినగారికి వచ్చిన పార్సిలు నేనే హుషారుగా తెరిచాను. టేపుతో పాటు లోపలున్న పట్టుచీర అంచు కూడా జానెడు తెగింది. ఆవిడ ఏమీ అనలేదు. ఇప్పటికీ ఏ పార్సిలు వచ్చినా, నేను ఆ ఊళ్లో లేకపోయినా సరే, "ముందు మరిదిగారికి దొరక్కుండా పెట్టండి" అంటారు.

ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. డబ్బాను బల్ల మీద పెట్టండి, ఒళ్లో కాదు. బ్లేడు మొత్తం దింపొద్దు. చూపుడువేలును బ్లేడు పక్కన, మొనకు 3 మిల్లీమీటర్ల వెనక ఆనించండి. వేలు డబ్బాకు తగలగానే ఆగుతుంది కాబట్టి అంతకంటే లోతుకు దిగదు. చాకును నిటారుగా పట్టుకోకుండా, దాదాపు పడుకోబెట్టినట్టు ఏటవాలుగా పెట్టి, రెండు రేకుల మధ్య సందు వెంట టేపును కొయ్యండి. ముందు రెండు అంచుల టేపు, ఆ తర్వాత మధ్య టేపు. డబ్బా పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ బ్లేడుకు వెనకే ఉండాలి, అది వెళ్లే దారిలో ఉండకూడదు.

ప్లాస్టిక్ కవర్లో బట్టలు వస్తే చాకు అసలు తీయకండి, కత్తెర వాడండి. తప్పనిసరైతే కవరును పైకి గిల్లి పట్టుకుని, లోపలి బట్ట కిందికి జారిందని తడిమి చూసి, ఆ గిల్లిన చోటే కొయ్యండి.

టేపు జిగురు బ్లేడుకు అంటుకుంటుంది. అదే బ్లేడుతో మామిడిపండు కోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండు బ్లేడులున్న చాకు అందుకే కొనమంటాను. పెద్దది తిండికి, చిన్నది అట్టపెట్టెలకు. అట్టపెట్టె పదునును తినేస్తుంది కూడా, దానిలో మట్టి రేణువులుంటాయి.

బియ్యం బస్తా, పురికొస

బియ్యం బస్తా మూతిని కత్తితో అడ్డంగా కోసేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ కుట్టు గొలుసుకుట్టు, సరైన చివర దొరికితే ఒక్క లాగుకు మొత్తం ఊడి వస్తుంది. కుట్టు ఒకవైపు సాదాగా గీతల్లా, రెండోవైపు గొలుసులా కనిపిస్తుంది. సాదా వైపు మీకు ఎదురుగా ఉండేలా బస్తాను తిప్పుకుని, కుడి చివర వేలాడే దారాన్ని బస్తా అంచుకు దగ్గరగా చాకుతో తెంపండి. ముందున్న రెండు మూడు కుట్లను మొనతో కాస్త వదులు చేసి దారం పట్టుకుని లాగండి. రాకపోతే రెండో చివర నుంచి ప్రయత్నించండి. వచ్చేటప్పుడు చప్పుడు బాగుంటుంది, పిల్లలకు ఇవ్వండి ఆ లాగే పని. బస్తా చెక్కుచెదరకుండా మిగులుతుంది, దారం పూలకుండీలకు పనికొస్తుంది.

పురికొసను గాల్లో పట్టుకుని చాకుతో కొట్టొద్దు. తాడును మడతపెట్టి ఉచ్చులా చేసి, ఆ ఉచ్చు లోపల బ్లేడు పెట్టి, పదును వైపు మీకు దూరంగా ఉంచి, రంపంలా ఒకటి రెండుసార్లు లాగండి. ఎంత గట్టిగా నొక్కారన్నదాని కన్నా ఎంత పొడవున లాగారన్నదే ముఖ్యం. ఈ ఒక్క విషయం చేతికి అలవాటైతే సగం గాయాలు తగ్గుతాయి. కొబ్బరితాడు మొరటుది, ఓపిగ్గా కొయ్యాలి. నైలాన్ తాడు కోశాక పోగులు విడిపోకుండా చివరను అగ్గిపుల్లతో కాల్చండి. ప్లాస్టిక్ టై బిగుతుగా ఉంటే చాకు జారి ఏమైనా చేస్తుంది. దానికి కటింగ్ ప్లయరే సరైనది.

పండ్లు, కాయలు

చాకు కొన్నందుకు అసలైన సుఖం ఇక్కడ ఉంది.

జామకాయతో మొదలుపెట్టండి. చేతిలోనే పెట్టుకుని కోసే ముందు, పళ్లెమో చెక్కబల్లో దొరుకుతుందేమో చూడండి. పళ్లెం స్టీలుదైతే బ్లేడును చివరిదాకా దింపి గీకొద్దు. వంటింటి గ్రానైట్ బండ మీద అయితే ఒక్క కోతకే అంచు మడతపడుతుంది. ఏమీ దొరక్కపోతే అట్టముక్కో మందంగా మడిచిన న్యూస్‌పేపరో చాలు. కాయను ముందు రెండు చెక్కలు చేసి, కోసిన వైపు కిందికి బోర్లించండి. అప్పుడది దొర్లదు. తర్వాత ఎన్ని ముక్కలైనా చేసుకోండి. గుండ్రటి వస్తువు ఏదైనా సరే, దానికి ముందు ఒక చదును వైపు తయారుచేయడమే మొదటి పని.

చేతిలో పట్టుకునే కోయాలంటే బొటనవేలి పద్ధతి ఒకటుంది. పండు ఎడమ చేతిలో, చాకు కుడి చేతిలో. కుడి బొటనవేలిని పండు మీద బ్లేడు దారికి పక్కన ఆనించి, మిగతా నాలుగు వేళ్లతో పిడిని బొటనవేలి వైపు కొద్దికొద్దిగా మూయండి. భుజం నుంచి బలం రాదు, పిడికిలి మూసినంత మేరే బ్లేడు కదులుతుంది కాబట్టి అదుపులో ఉంటుంది. యాపిల్ తొక్క తీయడానికీ దోసకాయ చెక్కు తీయడానికీ ఇదే. బొటనవేలు బ్లేడుకు ఎదురుగా మాత్రం పెట్టొద్దు, పక్కకే.

బంగినపల్లి మామిడిపండును తొడిమ పైకి ఉండేలా నిలబెట్టి, సన్నటి వైపు మీకు ఎదురుగా తిప్పుకోండి. టెంక బల్లపరుపుగా ఉంటుంది కదా, దాని వెడల్పు పక్కలు అటూ ఇటూ ఉంటాయి. తొడిమకు కాస్త పక్కగా మొదలుపెట్టి టెంకను రాసుకుంటూ కిందికి దిగితే ఒక చెక్క వస్తుంది, రెండో వైపూ అంతే. చెక్కను అరచేతిలో పెట్టుకుని గళ్లు గీసేవాళ్లుంటారు. పదునైన చాకు తొక్కను దాటి అరచేతిలోకి దిగుతుంది, చెక్కను పళ్లెంలో పెట్టి గీయండి. రసాల సంగతి వేరు. రసాలకు చాకెందుకు, పిసికి జుర్రుకోవడమే.

కార్బన్ స్టీలు చాకుతో పచ్చి మామిడికాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది, ముక్కకు ఇనుప వాసన వస్తుంది. నిమ్మకాయతోనూ అంతే. కంగారుపడొద్దు, అది తుప్పు కాదు. కొన్ని వారాలకు బ్లేడంతా బూడిద రంగు పొర కడుతుంది. ఆ పొరే తర్వాత ఎర్ర తుప్పును కొంతవరకు ఆపుతుంది, వాసన కూడా తగ్గుతుంది. దాన్ని పీచుతో తోమి తెల్లగా చేయాలని చూడకండి. ఎర్రగా, గరుగ్గా కనిపిస్తే మాత్రం అది తుప్పే, వెంటనే తీసేయాలి.

కొబ్బరిబోండం, చెరుకు, తాటికాయ వీటి జోలికి జేబు చాకుతో వెళ్లొద్దు. వాటికి బరువైన కత్తులు, వాటిని వాడే చేతులు వేరే ఉన్నాయి. వక్కకు అడకత్తెర ఉంది. జేబు చాకుతో వక్క కొయ్యబోయి నేను ఒకసారి బ్లేడు అంచున చిన్న పెచ్చు ఊడగొట్టుకున్నాను.

పెన్సిలు, వైరు, మొక్క

పెన్సిలు చెక్కడం చాకు మీద అదుపు నేర్పే మంచి పాఠం. బ్లేడును పెన్సిలు మీద బాగా వాల్చి పెట్టండి. పెన్సిలు పట్టుకున్న చేతి బొటనవేలితోనే బ్లేడు వీపును ముందుకు తోయండి. చాకు ఉన్న చెయ్యి కేవలం కోణాన్ని పట్టుకుంటుంది, తోసేది బొటనవేలు. ఒక్కో పొర తీసి పెన్సిలు కొద్దిగా తిప్పండి. ముల్లు తర్వాత, ముందు చెక్క. మార్కింగ్‌కు వాడే చదును పెన్సిలుకు షార్పనర్ పనికిరాదు కాబట్టి వడ్రంగులు ఇప్పటికీ ఇలాగే చెక్కుకుంటారు.

కరెంటు వైరు తొక్క తీయాల్సి వస్తే ముందు ఆ లైనుకు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు కట్టేసి టెస్టరుతో చూసుకోండి. వైరు చుట్టూ బ్లేడును రాగికి తగలనంత తేలిగ్గా ఒక రౌండు తిప్పి, వైరును అటూ ఇటూ వంచితే తొక్క అక్కడే చిట్లుతుంది, చేత్తో లాగేయండి. రాగి పోగుల మీద గాటు పడితే ఆ వైరు ఎప్పుడో అక్కడే తెగుతుంది. రెండు మూడు కన్నా ఎక్కువ వైర్లుంటే స్ట్రిప్పరు కొనుక్కోండి.

గులాబీ కొమ్మ నాటడానికి కోసేటప్పుడు కణుపుకు కాస్త కింద ఏటవాలుగా, ఒకే లాగుతో కొయ్యండి. నలిగితే కుళ్లుతుంది. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లే ముందు బ్లేడును స్పిరిటుతో తుడవండి. పాల ప్యాకెట్ మూల కోసేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెంపకుండా కొంచెం వదిలేయండి, ఆ ముక్కలే కాలవల్లోకి పోయేది.

చాకుతో చేయకూడనివి

స్క్రూ తిప్పడం, డబ్బా మూత ఎత్తడం, రాయితో వీపు మీద కొట్టి దేన్నైనా చీల్చడం. ఈ మూడింటికీ మొన విరుగుతుంది, లేదా కీలు వదులై బ్లేడు ఊగడం మొదలవుతుంది. ఊగే చాకును మళ్లీ బిగించడం మామూలు పని కాదు. విక్టోరినాక్స్‌లో మూత ఎత్తడానికీ స్క్రూ తిప్పడానికీ వేరే పనిముట్లు ఉన్నది అందుకే. ఇంకొకటి, చాకు చేతిలోంచి జారితే పట్టుకోబోకండి. కాళ్లు వెనక్కి తీసుకుని పడనివ్వండి.

పదును

మొద్దు చాకే ప్రమాదం. పదును లేకపోతే నొక్కుతాం, నొక్కితే జారుతుంది. న్యూస్‌పేపరు అంచును గాల్లో పట్టుకుని కోసి చూడండి. చిరగకుండా తెగితే సరే, కాగితం నలిగితే నూరే సమయం వచ్చినట్టే.

వీధిలోకి సాన పట్టేవాళ్లు వస్తే వంటింటి కత్తులు ఇవ్వండి, జేబు చాకు ఇవ్వొద్దని నా సలహా. వాళ్ల పనితనం మీద అనుమానం కాదు. వేగంగా తిరిగే చక్రం దగ్గర సన్నటి బ్లేడు క్షణంలో వేడెక్కుతుంది. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టు, ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు.

హార్డ్‌వేర్ షాపులో రెండు వైపులా రెండు రకాల గరుకున్న కార్బోరండం సానరాయి దొరుకుతుంది. అది చాలు. రాయి కదలకుండా కింద తడిబట్ట వేయండి, రాయిని కూడా తడపండి. ఇప్పుడు కోణం. బ్లేడును రాయి మీద పడుకోబెట్టి, వీపును బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తు లేపండి. బ్లేడు 15 మిల్లీమీటర్ల వెడల్పుంటే 5 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల నాణేలు మూడు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. దాదాపు 20 డిగ్రీలు వస్తుంది. ఆ కోణం మారకుండా, అంచుతో రాయి మీంచి సన్నటి పొర తీస్తున్నట్టు, పిడి దగ్గర నుంచి మొన దాకా నెమ్మదిగా నడపండి.

కోణం సరిగ్గా ఉందో లేదో తెలియడానికి అంచు పొడవునా స్కెచ్ పెన్నుతో రంగు పూయండి. రెండు సార్లు రాయి మీద నడిపి చూడండి. అంచున రంగు మిగిలితే వీపు కిందికి ఉన్నట్టు, అంచున పోయి పైన మిగిలితే ఎత్తు ఎక్కువైనట్టు.

ఒక వైపే నూరుతూ ఉండండి, రెండో వైపు అంచు మీద గరగరలాడే సన్నటి రేకు తగిలేదాకా. వేలిని అంచు వెంట కాదు, బ్లేడు మధ్య నుంచి అంచు బయటికి జరిపి చూడాలి. పొడవంతా ఆ గరగర వచ్చాకే రెండో వైపుకు తిప్పండి. చాలామంది ఇక్కడే తొందరపడి అటు నాలుగు ఇటు నాలుగు గీసి, పదును రాలేదని రాయిని తిట్టుకుంటారు. రెండు వైపులా అయ్యాక నున్నటి వైపు రాయి మీద తేలిగ్గా ఒక్కోవైపు పదిసార్లు. చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు మీద, వీపు ముందుండేలా వెనక్కి లాగుతూ పదీ ఇరవైసార్లు. ఆ రేకు రాలిపోతుంది.

ఊళ్లో రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున పాలిష్ లేని గరుకు వలయం ఉంటుంది. రెండు వైపులా నాలుగేసి సార్లు దాని మీద గీస్తే ఆ పూటకు పండు కోయడానికి సరిపోతుంది.

శుభ్రం, నూనె

జేబులోని నూలు, ఇసుక కీలులోకి చేరతాయి. నెలకోసారి చాకు తెరిచి గోరువెచ్చని నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో గాడి లోపల తోమండి. పూర్తిగా ఆరనివ్వండి. చెక్కపిడి దాన్ని నీళ్లలో నానబెట్టొద్దు, తడిబట్టతో తుడవడమే. ఆరాక కీలులో ఒక్క చుక్క నూనె.

ఏ నూనె అంటే, వంటనూనె వద్దు. కొన్నాళ్లకు జిగురవుతుంది. కొబ్బరినూనె చలికాలం పేరుకుంటుంది. కుట్టుమిషన్ నూనె కీలుకు బాగుంటుంది, కానీ ఆ చాకుతోనే పండు కోసుకుంటాం. అందుకని మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడతాను. వాసన ఉండదు, పాడవదు, కార్బన్ స్టీలు మీద పల్చగా రాస్తే తేమనూ ఆపుతుంది.

ఎక్కడికి తీసుకెళ్లకూడదు

మన దేశంలో 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తులు ఆయుధాల వర్గంలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మూడంగుళాల పండ్ల చాకు ఆ కొలతల్లోకి రాదు. అంతమాత్రాన ఎక్కడైనా సరే అనుకోకండి. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు అధికారులు ఆయుధాలు పట్టుకు తిరగొద్దని ఉత్తర్వులిస్తారు. వెనకటి 144 సెక్షన్ బదులు ఇప్పుడది కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. అలాంటి రోజుల్లో చాకును ఇంట్లోనే వదిలేయండి. బటన్ నొక్కితే విచ్చుకునే చాకులు అసలే కొనొద్దు.

విమానంలో చేతిసంచిలో కుదరదు, చెకిన్ లగేజీలో పెట్టండి. ఇల్లు దాటే ముందు జేబు తడుముకోకపోతే స్కానరు దగ్గర డబ్బాలో వదిలేసి రావాల్సిందే. నేను రెండు పోగొట్టుకున్నాను. మెట్రో, కోర్టు, కలెక్టరేటు, సినిమా హాలు, పెద్ద గుళ్లు, ఇవేవీ చాకుతో వెళ్లే చోట్లు కావు. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లకు 3 అంగుళాల లోపు బ్లేడుండి తాళం పడని మడత చాకు జేబులో ఉన్నా కారణం చెప్పాల్సిన పని లేదు. ఒపినెల్ లాంటి తాళం పడేదైతే మాత్రం సరైన కారణం చూపించాలి. అమెరికాలో రాష్ట్రానికో లెక్క, ఒక్కోచోట నగరానికో లెక్క కూడా.

తెగితే

శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పది నిమిషాలు కదపకుండా పట్టుకోండి. మధ్యమధ్యలో తీసి చూడొద్దు. కాఫీపొడి, పసుపు అద్దకండి. అవి గాయంలో ఇరుక్కుని డాక్టరుకు కడగడం పెద్ద పనవుతుంది. రక్తం ఆగాక నీళ్లతో కడిగి కట్టు కట్టండి. పది నిమిషాలకూ ఆగకపోయినా, వేలు వంగకపోయినా, వేలి చివర తిమ్మిరిగా ఉన్నా ఆస్పత్రికి వెళ్లండి. టీటీ (ధనుర్వాతం ఇంజెక్షన్) ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అదీ అడగండి.

ఎవరైనా అడిగితే

మీ దగ్గర చాకు ఉందని నలుగురికీ తెలిశాక ఇక అడుగుతూనే ఉంటారు. ఇచ్చేటప్పుడు మూసే ఇవ్వండి. తెరవడం రాకపోతే తెరిచి, పిడి వాళ్లవైపు పెట్టి, బల్ల మీద ఉంచండి. మా అమ్మమ్మ కత్తిని చేతికి ఇవ్వనిచ్చేది కాదు, కింద పెడితేనే తీసుకునేది. కారణం ఏం చెప్పేదో గానీ, పద్ధతి మాత్రం సరైనదే.

చిన్నపిల్లలు అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని ముందు అరటిపండు కోయించండి. పెద్దవాళ్లు అడిగితే "దేనికి?" అని తప్పకుండా అడగండి. మా పక్కింటాయన ఒకసారి ఐదు నిమిషాల్లో ఇస్తానని పట్టుకెళ్లాడు. తిరిగొచ్చిన చాకుకు మొన లేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ స్క్రూ బిగించాడట. ఇప్పుడాయన వస్తున్నట్టు కనిపిస్తే డ్రాయర్లోంచి స్క్రూడ్రైవర్ తీసి గుమ్మం దగ్గర రెడీగా పెడుతున్నాను.